తెల్లబడ్డ రాయి

పోయిన వారం గాయత్రిని తల పట్టుకుని కూర్చున్న దశలో వదిలేసి వచ్చాం. ఆమెను అక్కడ అలా కూర్చోబెట్టి మనం వారం రోజులు హాయిగా తిరిగాం గనక, ముందు జరిగిన సంగతి ఒకసారి నెమరేసుకోవడం మర్యాద.

నంద్యాల సంజీవనగర్‌లో ఒకప్పుడు విత్తనాల గోడౌనుగా ఉన్న పొడుగాటి హాల్లో గాయత్రి ‘కుందూ విజువల్స్’ పెట్టి ఏడు నెలలైంది. సినిమాల్లో లేనిదాన్ని ఉన్నట్టు చూపించే పని. హైదరాబాదులో తొమ్మిదేళ్లు ఆ పనే ఇంకొకరి కింద చేసి, ఇక చాలనుకుని సొంత ఊళ్లో పదకొండు మందిని కూర్చోబెట్టి నేర్పింది. ఒక పెద్ద జానపద సినిమా వాళ్లు పరీక్షగా పన్నెండు షాట్లు ఇచ్చారు. అవి నచ్చితే నూట నలభై షాట్లు ఇస్తామన్నారు. నూట నలభై వస్తే పదకొండు మందికీ ఏడాదిన్నర పని. రాకపోతే సగం మంది పొట్ట చేత పట్టుకుని హైదరాబాదు వెళ్లాలి. ఆ సగం ఎవరెవరో గాయత్రికి తెలుసు. ఆమెకు అన్నం సయించనిది అందుకే.

షాట్లలో ఉన్నది ఒక కోట. కోట గుమ్మంలో ద్వారపాలకుడి విగ్రహం, ఏడడుగుల నల్లరాయి. నిజంగా చెక్కింది ఒక్కటే, ఆళ్లగడ్డలో. దాన్ని కంప్యూటర్లో నలభై చేసి, రెండు వరసల్లో నిలబెట్టి, మధ్యలోంచి కథానాయికను నడిపించాలి. నడిపించారు. అంచులు కుదిరాయి, నీడలు కుదిరాయి. హైదరాబాదులో సినిమా ఎఫెక్ట్స్ అంతా చూసే రాజశేఖర్ నుంచి మాత్రం మూడు ముక్కల జవాబు వచ్చింది: “రంగు తప్పు. పన్నెండూ తప్పు. శనివారం సాయంత్రం నాలుగు లోపల సరిచేసి పంపండి, అదే ఆఖరు.”

ఇది జరిగి ఆరు రోజులు. ఈ ఆరు రోజులూ స్టూడియోలో అందరూ మానిటర్లను అనుమానించారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి కదా, పాపం, వాటిని తిట్టడం తేలిక. రంగులు కొలిచే యంత్రం అద్దెకు తెచ్చి ఒక్కొక్కదాన్నీ కొలిచారు. అన్నీ బాగానే ఉన్నాయి. ట్యూబ్‌లైట్లు మార్చారు. గోడలకు ముదురు రంగు వేశారు. సౌజన్య అయితే తన కళ్లే పాడయ్యాయేమోనని కళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లి వచ్చింది. స్టూడియోలో అందరికంటే చురుకైన పిల్ల, అంచులు కత్తిరించడంలో ఆమె తర్వాతే ఎవరైనా. కళ్లు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు చెబితే మొహం వేలాడేసుకుని వచ్చింది.

బుధవారం పొద్దున ఉగ్గాణీ బజ్జీ తింటూ గాయత్రి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆళ్లగడ్డ వెళ్లి అసలు విగ్రహాన్నే దగ్గర నుంచి చూసి, ఫోటోలు తీసుకురావాలి.

“మామా, బండి తీస్తావా?” అని అడిగింది.

“తీస్తా పాపా. దానికేముండాది,” అన్నాడు వహాబ్, చేతిలో ఉన్న బజ్జీ పూర్తి చేసి.

అబ్దుల్ వహాబ్‌కు యాభై ఆరేళ్లు. గాయత్రి చిన్నప్పుడు వాళ్ల పక్కింట్లో ఉండేవాడు, వాళ్ల అక్క పెళ్లికి వీడియో తీసింది ఆయనే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా ఆయన కెమెరా పడని కల్యాణమండపం లేదు. ఇప్పుడు పెళ్లిళ్లకు పిల్లలు డ్రోన్లు ఎగరేస్తున్నారు, వహాబ్‌కు పిలుపులు తగ్గాయి. స్టూడియో పెట్టినప్పుడు గాయత్రి మొదట పిలిచింది ఆయన్నే. గోడమీద ఆమె గీసిన పని పటంలో ఏడు గడులుంటాయి. మొదటి గడి వహాబ్‌ది. హైదరాబాదు నుంచి హార్డ్‌డిస్కులో వచ్చిన బరువైన కెమెరా ఫైళ్లను దింపి, పనికి వీలైన హెచ్‌డీ కాపీలుగా మార్చి, షాట్‌కో నంబరు వేసి పంచాలి. ఆ కాపీల మీద మిగతా ఆరు గడుల వాళ్లూ పనిచేస్తారు. కత్తిరించేవాళ్లు, బొమ్మలు కట్టేవాళ్లు, వెలుగు పెట్టేవాళ్లు, అన్నీ ఒకటిగా కలిపేవాళ్లు. చిట్టచివరి గడిలో గాయత్రి కూర్చుని చూసి పంపుతుంది. ఒరిజినల్ డిస్కును వహాబ్ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. అంత జాగ్రత్త మనిషి.

వహాబ్ ఆమ్నీ వ్యాను శిరివెళ్ల దాటేసరికి ఆయన ఆరు పెళ్లిళ్ల కథలు చెప్పాడు. గాయత్రి నవ్వకుండా ఉండలేకపోయింది. ఆరు రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

ఆళ్లగడ్డలో, ఆ విగ్రహం చెక్కిన శిల్పి దేవరాజు పనిచేసే చోటు మెయిన్ రోడ్డు మీదే. రేకుల పందిళ్లు, వాటి కింద సగం చెక్కిన దేవుళ్లు, గ్రైండర్ల రొద, అందరి కనుబొమల మీదా తెల్లటి దుమ్ము. షూటింగు అయిపోయి ద్వారపాలకుడు తిరిగి ఇక్కడికే వచ్చి ఉన్నాడు. గద కొన కాస్త పగిలిందట, అతికించడానికి పంపారు. దేవరాజుకు అరవై దాటాయి. పైపు పట్టుకుని ఆ విగ్రహానికి నీళ్లు పోస్తున్నాడు.

“ఏందప్పా వహాబూ, పెండ్లి ల్యాకుండా ఇట్ల వచ్చినావే!”

“పెండ్లికూతురు ఈయప్పే,” అని విగ్రహాన్ని చూపించాడు వహాబ్. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎన్నేళ్ల పరిచయమో.

గాయత్రి ఫోటోలు తీసుకుంది, మీసం దగ్గర నుంచి, మోకాలి దగ్గర నుంచి, ఎండలో, నీడలో. అయ్యాక, మాటవరసకు, టాబ్లెట్ తీసి తాము చేసిన షాట్ దేవరాజుకు చూపించింది. చేసింది చూపించుకోవాలని ఎవరికి ఉండదు?

దేవరాజు తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని చూశాడు. నలభై మంది ద్వారపాలకులు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. ఆయన మొహంలో సంతోషం కనిపిస్తుందని గాయత్రి ఎదురుచూసింది.

“యాడి రాయమ్మా ఇది?”

“నీదే గదా దేవరాజప్పా. ఇదో, ఈయన్నే నలభై చేసినాం.”

“నాది గాదు.”

“కెమెరాలో తీసింది దీన్నేప్పా.”

“తీసింటారు. ఇది మాత్రం నా రాయి గాదు. నాది నల్లది, లోపల రొంత పచ్చ కొడ్తాది. దీనికెవరో మొగానికి పౌడరు కొట్టినారు.”

దేవరాజు లేచి వెనక గోడ దగ్గరికి వెళ్లాడు. ఆ గోడ నిండా చిన్న చిన్న గూళ్లు, ఒక్కో గూట్లో ఒక రాతి పెచ్చు, పెచ్చు మీద సుద్దతో నంబరు. ఒకటి తీసి, బకెట్లో ముంచి, తడిపెచ్చును టాబ్లెట్ పక్కన పెట్టాడు. పెచ్చు నల్లగా, అడుగున ఆకుపచ్చ ఛాయతో మెరిసింది. తెర మీద రాయి పాలిపోయి ఉంది. ఆరు రోజులు పదకొండు మంది వెతికిన తేడాను ఆయన ఆరడుగులు నడిచి చూపించాడు.

“ఇది ఎందుకు దాచినావప్పా?” అని అడిగింది గాయత్రి.

“రాయి ఈడికొచ్చిన దినమే ఒక పెచ్చు తీసి గూట్లో పెడ్తాం. బొమ్మ బండెక్కేదాకా అది ఆడే ఉంటాది. నడమ వేలు యిరిగిందనుకో, ముక్కు యిరిగిందనుకో, అతికేదానికి రంగు కలపాల గదా? బొమ్మను జూసి కలిపితే తప్పు పోతాది. నూనె పూసింటారు, ఎండకు మారింటాది. పెచ్చును జూసి కలపాల. మా నాయన కాలం నుంచీ అంతే.”

గాయత్రి మళ్లీ తెర వైపు చూసింది. కెమెరా తప్పు కాదు. మానిటర్ల తప్పు కాదు. కెమెరాకూ మానిటర్లకూ మధ్య ఎక్కడో, ఎవరో. ఆమె తల తిప్పి వహాబ్‌ను చూసింది. నిమిషం కిందటి దాకా నవ్వుతున్న మనిషి ఇప్పుడు నేలమీది రాతిపొడిని చూస్తున్నాడు.

“మామా, కాపీలు చేసేటప్పుడు ఏమన్నా చేసినావా?”

“చేసినా.”

“ఏం చేసినావ్?”

“రొంత... మొగం తేల్చినా.”

పక్క పందిట్లో గ్రైండరు ఆగింది. అది కూడా విందామనుకుందో ఏమో.

“మొగం తేల్చినావా?”

“పెండ్లి సెట్టింగు ఉంటాది గదా పాపా, నా దాంట్లో. వెలుగు రొంత పెంచుతాది, ఎరుపు రొంత తగ్గిస్తాది. అది ఏసినా. పన్నెండింటికీ ఏసినా.”

“ఎందుకు?”

వహాబ్ తల ఎత్తాడు. ఆ మొహంలో దొంగతనం ఏమీ లేదు, అయోమయం మాత్రమే ఉంది.

“డిస్కు తెరిస్తే అంతా బూడిద పూసినట్ల ఉండాది. రంగు ల్యా, కళ ల్యా. ఎవడో పిల్ల కెమెరామన్ తప్పు జేసినాడనుకున్యా. పెద్ద సినిమా. తెలిస్తే వాని పని పీకేస్తారు. మీ చేతికి రాకముందే సరిజేసి ఇస్తే ఎవురికీ తెల్దు, వాడు బతికిపోతాడు అనుకున్యా.”

ఆ ‘పిల్ల కెమెరామన్’కు అరవై రెండేళ్లు. నలభై సినిమాలు తీశాడు. ఇప్పటి సినిమా కెమెరాలు కావాలనే బొమ్మను బూడిద రంగులో తీస్తాయి, వెలుగులోనూ నీడలోనూ ఉన్నదంతా పోకుండా దాచుకోవడానికి. అసలు రంగులు తెప్పించే ఫైలు హైదరాబాదు వాళ్లు విడిగా పంపుతారు, దాన్ని గాయత్రి ఆఖరి గడిలో వేస్తుంది. వహాబ్ వేసిన పెళ్లి పౌడరు మీద ఆమె ఆ రంగుల ఫైలు వేసింది. రాయి తెల్లబోక ఏం చేస్తుంది?

ఇదంతా ఆమె బుర్రలో ఒక్కసారిగా తిరిగింది. నవ్వు రావలసిన చోట కోపం వచ్చింది, ఆరు రోజుల కోపం.

“మానిటర్లు ఇప్పదీసినాం మామా! గోడలకు రంగేసినాం! సౌజన్య కండ్లు చూపించుకోనొచ్చింది! నువ్వు ఆడే ఉండావు, అంతా చూస్తాండావు, ఒక్క మాట చెప్పల్యా నాకు!”

“దానికీ దీనికీ లింకుందని నాకేం తెలుసు? నేను బాగు జేసినా అనుకుంటి.”

“నువ్వు బాగు జేయల్యా. పాడు జేసినావు.”

ఆ మాట అన్న క్షణంలోనే వెనక్కి తీసుకోవాలనిపించింది ఆమెకు. అప్పటికే వహాబ్ చెవిన పడింది. ఆయన మెల్లగా చొక్కా ఎత్తి, మొలతాడుకు కట్టిన తాళంచెవి విప్పి, ద్వారపాలకుడి పాదాల దగ్గర పీఠం మీద పెట్టాడు.

“ముప్పై ఏండ్లు చేసినానమ్మా ఇదే పని. పాణ్యంలో ఒకసారి పెండ్లికొడుకు రొంత నల్లగుండె. ఉండేది ఉండేట్ల చూపిస్తి. వాళ్ల మేనత్త ఆల్బం తెచ్చి నా బల్ల మీద ఇసిరేసింది, మా పిల్లోడు యాడ, ఈ బొగ్గు యాడ అనింది. ఆ దినం నుంచి అందర్నీ తెల్లగ చేసినా. ఎందుకు జేసినావని ఒక్కరన్నా అడగల్యా. చేయకపోతేనే అడిగినారు.” గొంతు సవరించుకున్నాడు. “నేను పెండ్లిండ్లే చేసుకుంటాలేమ్మా. మీ పని మీరు చేసుకోండి.”

‘పాపా’ పోయి ‘అమ్మా’ వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆయన గాయత్రిని ఎప్పుడూ అలా పిలవలేదు.

దేవరాజు అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“అమ్మా, ఆ బూడిద ఎందుకుంటాదో ఈయప్పకు చెప్పినావా?”

“కాపీ చేయమని చెప్పినా దేవరాజప్పా.”

“అది గాదు నేనడిగేది. ఎందుకుంటాదో చెప్పినావా?”

గాయత్రి చెప్పలేదు. మిగతా పదిమందికీ నెల రోజులు కూర్చోబెట్టి రంగుల పాఠాలు చెప్పింది. వహాబ్ మామకు ఎందుకులే, కాపీలు చేసే పనే కదా అనుకుంది. గోడమీది మొదటి గడిలో ఒక్క మాటే రాసింది: కాపీ. ఆరు రోజులు అందరూ చివరి గడులు తవ్వారు తప్ప మొదటి గడిని ఎవరూ కదిలించలేదు. ఒరిజినల్ డిస్కు తెరిచి పక్కన పెట్టి చూద్దామని ఒక్కరికీ తట్టలేదు. ఇన్ని గడులు గీసి, అన్నిటికంటే ముఖ్యమైన గడిలో ఉన్న మనిషిని ఆమె లెక్కలోకే తీసుకోలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు కోపం కంటే పెద్దది.

“ల్యా,” అంది చివరికి. “చెప్పల్యా. తప్పు నాది మామా. నీకు చెప్పాల్సింది. చెప్పకుండా నీ మీద ఎగిరినా.”

వహాబ్ చొక్కా కిందికి లాగి సర్దుకున్నాడు.

“ఒరిజినల్ ఉండాదా? దాని మీద కూడా ఏసినావా?”

ఇప్పుడు వహాబ్‌కు నిజంగా కోపం వచ్చింది.

“ఒరిజినల్ మీద చెయ్యేస్తానా? ఏమనుకుంటాండావ్ నన్ను? పెండ్లోళ్ల క్యాసెట్ మీద యవడన్నా చెయ్యేస్తాడా? అది ఎట్ల వచ్చిందో అట్లనే బీరువాలో ఉండాది పాపా!”

‘పాపా’ వెనక్కి వచ్చింది. గాయత్రి పీఠం మీది తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. వహాబ్ దాన్ని కాసేపు చూసి, గొణుక్కుంటూ మళ్లీ మొలతాడుకు కట్టుకున్నాడు. దేవరాజు టీ తెప్పించాడు. గాయత్రి డబ్బులు ఇవ్వబోతే తిట్టాడు. రాతిపొడి పడిన టీని ముగ్గురూ ఊదుకుంటూ తాగారు, ఆ టీ గాయత్రికి బ్రహ్మాండంగా ఉంది.

తిరుగు దారిలో వహాబ్ పెళ్లి కథలు చెప్పలేదు. గాయత్రి చెప్పింది, బూడిద రంగు కథ. వెలుగు ఎక్కడ దాగుతుందో, నీడలో ఏముంటుందో, రంగుల ఫైలు ఏం చేస్తుందో. వహాబ్ వ్యాను నలభై మీద పోనిస్తూ అడుగడుగునా ప్రశ్నలు అడిగాడు. ముప్పై ఏళ్లు వెలుగుతో బతికిన మనిషి కదా, శిరివెళ్ల వచ్చేసరికి గాయత్రి చెప్పాల్సినవి అయిపోయాయి. ఆయన ప్రశ్నలు అవలేదు.

“అంటే, ఎండ బాగ కొట్టినా ఆకాశం తెల్లగ కాలిపోదా ఇంక?”

“పోదు మామా.”

“అబ్బా. ఇది ఆకాలంలో ఉండింటే...” అని ఏ పెళ్లిలో ఏ ఆకాశం కాలిపోయిందో గుర్తు చేసుకుంటూ తల ఊపాడు.

బుధవారం మధ్యాహ్నమే స్టూడియోలో గోడమీది పటం చెరిపారు. మొదటి గడిని రెండు చేశారు. కొత్త గడికి వహాబే పేరు పెట్టాడు: పెచ్చు. ఇకమీదట డిస్కు రాగానే, కాపీ మొదలుపెట్టేముందే, ప్రతి షాట్ ఒరిజినల్ నుంచి ఒక్క ఫ్రేము ఉన్నది ఉన్నట్టు తీసి, నంబరు వేసి విడిగా దాచాలి. దాన్ని ఎవరూ ముట్టుకోరు. కత్తిరించాక ఒకసారి, బొమ్మ కట్టాక ఒకసారి, కలిపాక ఒకసారి, ఏ గడి దాటినా పనిని ఆ పెచ్చు పక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే ఆ గడి దాటకూడదు. పదకొండు మందీ విన్నారు. దీనికి ఆళ్లగడ్డ దాకా పోవాల్నా అన్నాడొకడు. ముందే పోయింటే ఆరు రోజులు మిగిలేవి కదరా అంది సౌజన్య.

వహాబ్ ఒరిజినల్ డిస్కు తీసి, ఈసారి ఏ సెట్టింగూ లేకుండా కాపీలు చేశాడు. పని చాలావరకు చెడిపోలేదు. కట్టిన బొమ్మలు, పెట్టిన నీడలు అలాగే ఉన్నాయి, కింద ఉన్న కాపీని తీసి కొత్తది పెడితే సరిపోయింది. నాలుగు షాట్లు మాత్రం మొండికేశాయి. కథానాయిక వెనక పచ్చతెర కట్టి తీసిన షాట్లవి. పెళ్లి సెట్టింగు ఆ పచ్చను కూడా మార్చేసింది గనక, మారిన పచ్చను నమ్ముకుని కత్తిరించిన జుట్టు అంచులన్నీ మళ్లీ కత్తిరించాలి. సౌజన్య గురు, శుక్రవారాలు జుట్టే కత్తిరించింది. ఒక్కో వెంట్రుకకూ ఒక పేరు పెట్టి తిట్టింది.

వహాబ్ తన పని అయిపోయినా ఇంటికి పోలేదు. ఒక్కో షాట్ ఒరిజినల్ ముందు కూర్చుని, చేతిలో తెల్లకాగితం పెట్టుకుని ఏదో రాస్తూ పోయాడు. శుక్రవారం సాయంత్రం ఆ కాగితాలు గాయత్రికి ఇచ్చాడు. గుండ్రటి అక్షరాలతో తెలుగులో రాసి ఉంది.

‘షాట్ 3. పొద్దున పదీ పదిన్నర ఎండ. ఎడమ నుంచి. పైన తెల్ల పరదా కట్టినారు, నడమ గాలికి కదిలింది, 61వ ఫ్రేము నుంచి 70 వరకు రాయి మీద వెలుగు రొంత తగ్గి మళ్లీ వచ్చింది. మన నలభై బొమ్మల మీద కూడా అట్లనే తగ్గాల.’

‘షాట్ 8. ఇది మధ్యాహ్నం అని చూపిస్తాండారు గాని తీసింది సాయంత్రం. విగ్రహం కుడి చెవి కింద ఎరుపు చూడండి.’

పన్నెండు షాట్లకూ ఇలాగే. గాయత్రి మూడో షాట్ తెరిచి చూసింది. అరవై ఒకటో ఫ్రేములో వెలుగు నిజంగానే తగ్గింది, డెబ్బైలో వచ్చింది. ఆమె కానీ, సౌజన్య కానీ, ఎవరూ చూడలేదు. చేసిన నలభై బొమ్మలూ ఎండలో చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి, అసలు బొమ్మ మీద మాత్రం నీడ కదిలింది. రెండు గంటల్లో దాన్ని సరిచేశారు. సరిచేశాక చూస్తే ఆ గుమ్మంలోకి గాలి వచ్చినట్టుంది. గాయత్రికి మనసు నిండిపోయింది. సొంత ఊళ్లో స్టూడియో పెట్టిన ఏడు నెలల్లో ఇంత సంతోషం ఆమెకు ఎప్పుడూ కలగలేదు.

కాగితాలు షాట్లతోపాటు పంపాలని ఆమె అనుకుంది. అప్పుడు చూసింది మొదటి పేజీ పైన ఒక వాక్యం: ‘మొదటిసారి రంగు మార్చింది నేనే. ఎవరూ చెప్పలేదు, నేనే చేసినా. అబ్దుల్ వహాబ్, నంద్యాల.’

“ఇది తీసేద్దాం మామా. స్టూడియో తప్పు అని నేను రాస్తాలే.”

“ఉండనీ పాపా. నేను తీసిన వీడియో మీద నా పేరేసుకుంటి గదా ఇన్నాళ్లు. ఇది మాత్రం వేరేవాళ్ల పేరు మీద ఎట్ల పోతాది?”

గాయత్రి ఆ వాక్యాన్ని అలాగే ఉంచింది. కాగితాలను ఫోటోలు తీసి, షాట్లకు జతచేసింది.

శనివారం మూడూ ఇరవైకి పన్నెండు షాట్లూ హైదరాబాదు చేరాయి. ఆ తర్వాత ఎవరికీ పని లేదు. సౌజన్య గోళ్లు కొరుక్కుంది. ఒకడు కుర్చీ చక్రాలకు నూనె వేశాడు. వహాబ్ నమాజుకు వెళ్లి వచ్చి, వాకిట్లో నీళ్లు చల్లి, అక్కర్లేకపోయినా ఇంకోసారి చల్లాడు. నాలుగైంది. నాలుగున్నరైంది. ఐదుకు పది నిమిషాలుండగా గాయత్రి ఫోను మోగింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

“గాయత్రి గారూ, చూశాను,” అన్నాడు రాజశేఖర్. హుషారూ లేదు, చిరాకూ లేదు ఆ గొంతులో. “పన్నెండూ ఓకే. మూడో షాట్ మా డైరెక్టరు గారు నాలుగుసార్లు వేయించుకుని చూశారు. నూట నలభై మీకే.”

గోడౌను రేకులు అదిరిపోయాయి. సౌజన్య ఎవరి మెడనో పట్టుకుని ఏడ్చేసింది. వహాబ్ దువా చేసినట్టు రెండు చేతులూ మొహం మీద రాసుకుని ఏదో అనుకున్నాడు. గాయత్రి కళ్లు తుడుచుకుంది, నవ్వింది, మళ్లీ తుడుచుకుంది. పదకొండు మందీ ఇక్కడే ఉంటారు. ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు.

“ఒక్క నిమిషం, ఇంకా ఉంది,” అన్నాడు రాజశేఖర్. “ఆ కాగితాలు రాసిందెవరు? అబ్దుల్ వహాబ్ గారు?”

“మా... మా మొదటి గడి ఆయన చూస్తారు సార్. ఆ తప్పు సంగతి నేను వివరంగా...”

“తప్పు సంగతి వదిలేయండి. తప్పు నాది అని సంతకం పెట్టి పంపినవాణ్ణి నా సర్వీసులో చూళ్లేదు. పరదా కదిలిందని చూసినవాణ్ణి అంతకన్నా చూళ్లేదు. మా సినిమాకు తొమ్మిది స్టూడియోలు పనిచేస్తున్నాయి గాయత్రి గారూ. ఫుటేజ్ వచ్చిన చోట కూర్చుని చూసే కళ్లు మాకెక్కడా లేవు. ఆయన ఇక్కడ కావాలి. సినిమా పూర్తయ్యేదాకా. నూట నలభై షాట్లకు నా షరతు అదొక్కటే.”

గాయత్రి గోడ వైపు చూసింది. పటంలో మొదటి గడి, దాని పక్కన మూడు రోజుల వయసున్న కొత్త గడి. రెండిట్లోనూ ఒకే పేరు. ఆ పేరు తీసేస్తే మిగతా గడులకు ఏం అందుతుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. పైగా మామ నంద్యాల వదిలి వెళ్లే మనిషి కాదు. నాలుగు రోజుల పెళ్లికి దగ్గర్లోని అవుకు ఊరికి వెళ్తేనే ఇంటి మీద బెంగపెట్టుకుంటాడు. ఆయన్ని ఇబ్బంది పెట్టకుండా తానే చెప్పేయాలి. చెబితే నూట నలభై ఏమవుతాయో కూడా తెలుసు. అయినా ఆమె ఊపిరి పీల్చుకుని ఫోను మీదికి వంగింది.

“సార్, అది కుదరదండీ, ఎందుకంటే మా మామ...”

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోనును మెల్లగా తన వైపు జరుపుకుంది.

“సోమవారం ఎన్ని గంటలకు రావాల సార్?” అని అడిగాడు వహాబ్.